ఏటి, ఎలాగుంది సినిమా?

మ్యాట్నీ వదిలే వేళకి ఏ హాలు గేటు దగ్గరైనా ఐదు నిమిషాలు నిలబడి చూడండి. ఎండకి కళ్లు చికిలించుకుంటూ జనం బయటికొస్తారు. ఫస్ట్ షోకి వచ్చినవాడెవడో ఒకణ్ణి ఆపి, "ఏటి, ఎలాగుంది సినిమా?" అని అడుగుతాడు. రెండున్నర గంటలు కుర్చీలో కూర్చుని చూసొచ్చిన ఆ మనిషి చెయ్యి జేబులోకి పోతుంది. ఫోను తీస్తాడు, వేలితో రెండుసార్లు పైకి తోస్తాడు, అప్పుడు చెబుతాడు: "యావరేజ్ అంట."

అంట! టిక్కెట్టు కొన్నది తనే, చూసింది తనే, మధ్యలో సమోసా తిన్నదీ తనే. అయినా 'అంట'.

ఈ అధ్యాయమంతా ఆ రెండక్షరాల గురించే. పిల్ల సంబంధం, పిల్లాడి కోర్సు, ఇంటి స్థలం, ఓటు, ఇలాంటి పెద్ద విషయాల్లో సొంతంగా ఆలోచించడం నేర్చుకోవాలనే మీరు ఈ పుస్తకం కొని ఉంటారు. నేను మాత్రం సినిమా దగ్గర మొదలుపెడతాను. ఇక్కడ పొరబడినా పోయేదేమీ లేదు. సైకిలు నేర్చుకునేవాడు హైవే ఎక్కడు, ఊరిబయట కళ్లంలో తొక్కుతాడు. సినిమా మన కళ్లం.

నా 'అంట'ని పట్టేసింది మా బావమరిది. 2025 సంక్రాంతికి శ్రీకాకుళం అత్తవారింటికి వెళ్లాను. ఆ పండక్కి పెద్ద సినిమాలు మూడు. జనవరి 10న 'గేమ్ చేంజర్', 12న 'డాకు మహారాజ్', 14న సరిగ్గా పండగనాడు 'సంక్రాంతికి వస్తున్నాం'. పండగ ఖర్చులో ఖర్చని మూడూ చూసేశాను. కనుమ నాడు గారెలూ మాంసం కూరా తిని, వీధరుగు మీద నడుం వాల్చినప్పుడు అడిగాడు వాడు, గేమ్ చేంజర్ ఎలాగుందని. అందుకున్నాను. శంకర్ దగ్గర పాత పదును లేదంటున్నారని, పాటల ఖర్చు కనిపించినంతగా కథ కనిపించలేదంటున్నారని, పది నిమిషాలు ధారాళంగా చెప్పాను. వాడు ఓపిగ్గా విన్నాడు.

"అది సరే బావా. నీకేటనిపించింది?"

నోరు పెగల్లేదు. విజయనగరంలో డిగ్రీ పిల్లలకి నలుగురిలో మాట్లాడటం నేర్పే మాస్టర్ని నేను.

ఆ రాత్రి నిద్ర పట్టక వెతుక్కున్నాను, ఆ సినిమాలో నాకంటూ ఏం మిగిలిందా అని. కలెక్టరు రామ్ నందన్ చేసిన ఫైటు ఒక్కటీ గుర్తు రాలేదు. అప్పన్న గుర్తొచ్చాడు. సింహాచలం దేవుడి పేరు అది, మా వైపు వీధికి ఇద్దరు అప్పన్నలుంటారు. మనసులో బోలెడంత ఉండి, వేదికెక్కితే నత్తి అడ్డుపడే మనిషి. ఆ కాసేపు రామ్ చరణ్ నాకు హీరోలా కనిపించలేదు, మా క్లాసులో ఆఖరి బెంచీ కుర్రాడిలా కనిపించాడు. సినిమా మొత్తం అప్పన్నదే అయ్యుంటే బాగుండేది. ఇదీ నా అభిప్రాయం. మాటలు నేర్పే వృత్తిలో ఉన్నాను గనక నాకలా తగిలిందేమో. తగలనివ్వండి. ఎవరి అభిప్రాయమైనా వాళ్లు కూర్చున్న కుర్చీలోంచే మొదలవుతుంది, గాలిలోంచి రాదు.

అప్పటినుంచి ఒక అలవాటు పెట్టుకున్నాను, మీరూ పెట్టుకోండి. హాలు నుంచి ఇంటికి చేరేదాకా ఫోను తియ్యను. విజయనగరంలో అయితే మూడు లాంతర్ల మీదుగా గంటస్తంభం దాకా నడుస్తాను, ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ సినిమా నాతోనే ఉంటుంది. ఏ సీను తనంతట తాను తిరిగొస్తోందో చూస్తాను. ఎక్కడ వాచీ చూసుకున్నానో గుర్తుచేసుకుంటాను, ఎందుకంటే చెయ్యి అబద్ధం చెప్పదు. ఎక్కడ "ఇలా ఎవరూ చెయ్యరు" అని లోపల గొణుక్కున్నానో కూడా. ఇంటికెళ్లాక క్యాలెండరు వెనకో, పాలవాడి లెక్క పుస్తకంలోనో రెండు ముక్కలు రాసి పడుకుంటాను. రివ్యూలు మర్నాడు పొద్దున్న చదువుతాను. చదవొద్దనడం లేదు, మంచి విమర్శ మనం చూడని కిటికీ తెరుస్తుంది. ముందు మన ఇంటి కిటికీ తెరిచాక వాళ్లది.

రేటింగుల గురించి ఎక్కువ చెప్పను. అయిదుకి రెండూ ముప్పావు అని వేస్తారు. ఆ పావు ఏ సీనుకి కోశారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కలెక్షన్ల సంగతి నిర్మాతా, ఆయనకి అప్పిచ్చినవాళ్లూ చూసుకుంటారు, మనకెందుకు?

దీని తర్వాత చిక్కు ఒకటుంది, చాలామంది ఇక్కడే తడబడతారు. నాకు నచ్చడం వేరు, బాగుండటం వేరు. 'సంక్రాంతికి వస్తున్నాం'కి ఇంటిల్లిపాదీ వెళ్లాం. నేను కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వాను, మా అత్తగారు నాకంటే ఎక్కువ నవ్వింది. కథ ఉందా అంటే, వెంకటేష్ చుట్టూ అటో చెయ్యి ఇటో చెయ్యి లాగే ఇద్దరాడవాళ్లు, మధ్యలో ఓ కిడ్నాపు. అది అరిటాకు మీద చెగోడీ లాంటి కథ, కరకరలాడుతుంది, అయిపోతుంది. నవ్వానన్నదీ నిజమే, కథ పలచనన్నదీ నిజమే. రెంటినీ ఒకే నోటితో చెప్పడానికి ఎందుకు సిగ్గు? ఆ బుల్లిరాజు ఉన్నాడు చూశారూ, ఓటీటీ చూసి బూతులు నేర్చుకున్న పిల్లాడు, వాడు నోరు తెరిచినప్పుడల్లా హాలు ఊగిపోయింది, నేనూ ఊగాను. ఇంటికొచ్చాక మా చిన్నోడు అదే మాట వాళ్ల నానమ్మ మీద వాడితే మాత్రం నవ్వు రాలేదు. సినిమాని తిట్టలేదు, నా నవ్వునీ వెనక్కి తీసుకోలేదు. ఆ రెండూ పక్కపక్కనే పెట్టుకున్నాను. చాలామంది ఇక్కడ ఏదో ఒక పక్షం చేరిపోవాలని తొందరపడతారు. ఎవరూ తరమడం లేదు, నిదానంగా ఉండండి.

ఇప్పుడు యాస దగ్గరికి రావాలి. శ్రీకాకుళం, విజయనగరం, ఈ రెండు జిల్లాల వాళ్లకి అభిప్రాయం చెప్పడం ఎందుకంత కష్టమో పదిహేనేళ్లు పాఠం చెప్పాక నాకు అర్థమైన సంగతి ఇది. మనకి అభిప్రాయాలు లేక కాదు. అవి పుట్టేది ఒక భాషలో, బయటికి తేవాలనుకునేది మరో భాషలో. మధ్యలో చచ్చిపోతున్నాయి. ఎన్నో ఏళ్లు మన 'ఏటి', 'నేదు' తెరమీద పనివాడి నోటనో, హాస్యగాడి నోటనో వినబడ్డాయి. హీరో నోట వినబడలేదు. అది చూస్తూ పెరిగిన పిల్లాడు నలుగురిలో నోరు విప్పేముందు లోపల ఒక తర్జుమా చేసుకుంటాడు. ఆ తర్జుమాలో ప్రాణం పోతుంది.

ఒకసారి క్లాసులో, ఇష్టమైన సినిమా గురించి రెండు నిమిషాలు మాట్లాడమన్నాను. పలాస వైపు కుర్రాడొకడు లేచి, 'పలాస 1978' చిత్రం సమాజంలోని కుల వివక్షను అద్భుతంగా ఆవిష్కరించిందని, దర్శకుడు కరుణకుమార్ అందరినీ ఆలోచింపజేశారని చెప్పి కూర్చున్నాడు. తప్పు ఒక్కటీ లేదు, మనిషీ లేడు. "ఇదే మీ అప్పకి ఫోన్లో చెప్పాలనుకో, ఎలా చెప్తావు?" అన్నాను. నవ్వాడు, తల గోక్కున్నాడు, నేల చూశాడు. తర్వాత మొదలెట్టాడు.

"అప్పా, సినిమా బాగున్నాది. మనూరోలు మనూరోల్లాగే మాటాడినారు. కానీ నాకొకటి కొదవనిపించినాది. అమ్మ జీడిపిక్కలు కొడతాది కదా, ఆ సేతులు ఎలాగుంటాయో నీకు తెలుసు కదా. ఆ సేతులు ఒక్కపాలి దగ్గరగా సూపిస్తే బాగుణ్ణు."

మొదటి మాటకి నవ్వినవాళ్లు చివరి మాటకి నవ్వలేదు. జీడిపిక్క పెంకులో జిగట నూనె ఉంటుంది. అది ఒంటికి తగిలితే కాలుతుంది, చేతులు నల్లబారిపోతాయి, సబ్బుకి లొంగదు. పలాస అంటే దేశానికి జీడిపప్పు. వాడికి అమ్మ చేతులు. 2020 మార్చి 6న విడుదలైన ఆ సినిమా రెండు వారాలు తిరక్కుండానే కరోనాతో హాళ్లు మూతపడ్డాయి, మనలో చాలామంది ఫోన్లోనే చూశాం. దాని మీద ఎన్ని రివ్యూలు చదివానో లెక్కలేదు. ఆ కుర్రాడి మాటకి సరితూగేది ఒక్కటీ లేదు.

కాబట్టి నా సలహా ఇది. అభిప్రాయం ముందు ఇంటి మాటలో చెప్పుకోండి, గోడకైనా సరే. అది సరిగ్గా కుదిరాక కావలిస్తే ఇంటర్వ్యూ భాషలోకి మార్చండి. ప్లేస్‌మెంట్ల గ్రూప్ డిస్కషన్‌లోనూ ఇదే పనికొస్తుంది. "సినిమా ప్రభావం సమాజంపై" అని అంశం ఇస్తే పదిమందీ ఒకటే వ్యాసం అప్పజెబుతారు. జీడిపిక్కల చేతులు చెప్పినవాడి వైపు తల తిరగకుండా ఉండదు.

యాస అంటే చ తీసి స పెట్టడం కాదు. దానికో లాగుడుంది, మాట చివర తేలిపోయే రాగముంది. ఇది పట్టుకున్నవాళ్లెవరు, పట్టుకోనివాళ్లెవరు అన్నది మనం తప్ప ఎవరూ చెప్పలేని అభిప్రాయం. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం'లో వెంకటేష్ మహా విశాఖ కంచరపాలెం మనుషుల్నే చాలామందిని తెరమీదికి తెచ్చాడు, అందుకే అక్కడ మాట మాటలా ఉంటుంది. 2025 ఫిబ్రవరి 7న వచ్చిన 'తండేల్' దగ్గర నాకు రెండు మనసులు. నాగచైతన్య అంతటి హీరో సినిమా పొడుగునా మన యాస మాట్లాడటం చూసి హాల్లో నా పక్క కుర్రాడు ఈల వేశాడు, నాకూ ఒళ్లు జల్లుమంది. అరగంట తర్వాత చెవికి కొంత తేడా తెలిసింది. కొన్నిచోట్ల యాస మాటలో ఉడకలేదు, పైన తాలింపు వేసినట్టుంది. సాయిపల్లవి మన ప్రాంతం మనిషి కాదు, అయినా కోపమొచ్చినప్పుడు ఆవిడ నోట అది సరిగ్గా పలికింది. ప్రేమ డైలాగుల్లో అంత కాదు. మా ఆవిడ ఒప్పుకోదు. ఆవిడది శ్రీకాకుళం, నాది విజయనగరం, మా ఇంట్లోనే రెండు లాగుళ్లున్నాయి.

ఒప్పుకోనివాళ్లతో ఏం చెయ్యాలన్నది తర్వాతి ప్రశ్న. ముఖ్యంగా అభిమానులతో. "మీ హీరో" అన్న మాట రాగానే సంభాషణ అయిపోయి యుద్ధం మొదలవుతుంది. నా దగ్గర ఒకే ఒక్క ఆయుధం ఉంది, రెండు మాటలది: "ఏ సీను?" సినిమా చెత్త అన్నవాణ్ణి అడగండి, ఏ సీను? బ్లాక్‌బస్టర్ అన్నవాణ్ణీ అడగండి, ఏ సీను? సగం మంది అక్కడే ఆగిపోతారు. చెప్పగలిగినవాడితో మాట్లాడుతూ ఉండండి, టీ మీరే ఇప్పించండి. మీరు చెప్పేటప్పుడు 'నాకు' అని మొదలుపెట్టడం మర్యాద. "రెండో సగం బాలేదు" అనేకంటే "నాకు సాగినట్టనిపించింది" అంటే ఎదుటివాడు చొక్కా చేతులు మడవడు. అయితే 'నాకు' అన్నది గొడుగు కాకూడదు. "నాకంతే, నా ఇష్టం" అని దాని కింద దాక్కునేవాళ్లున్నారు. 'నాకు' అన్న తర్వాత 'ఎందుకంటే' రావాలి. రాకపోతే అది అభిప్రాయం కాదు, అలక.

సినిమా మీద మాట ఇంట్లో ఇంకో పని కూడా చేస్తుంది. మా సహోద్యోగి ఒకాయన కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. 2025 మార్చిలో 'కోర్ట్' వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ చూశారు. కథ మనకి దగ్గరే, 2013 నాటి విశాఖపట్నం. పంతొమ్మిదేళ్ల కుర్రాడు చందూ, పదిహేడేళ్ల అమ్మాయి జాబిల్లి, పరువు కోసం కుర్రాడి మీద పోక్సో కేసు పెట్టించే ఆ అమ్మాయి మావయ్య మంగపతి. శివాజీ ఆ పాత్రని ఎలా చేశాడంటే ఒక్కోసారి మన ఇళ్లలో పెద్దాయనే నడిచొచ్చినట్టుంటుంది. ఇంటికొచ్చాక భోజనాల దగ్గర కూతురు, "మంగపతి చేసింది తప్పు కదా నాన్నా" అంది. "తప్పే. కానీ ఆయన బాధ కూడా..." అని ఈయన మొదలెట్టాడు. గంటన్నర నడిచిందట. మధ్యలో కూర చల్లారింది. ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా 'నువ్వు', 'నేను' అన్న మాట రాలేదట, అంతా మంగపతి, జాబిల్లి, చందూ. "మా అమ్మాయి ఏమనుకుంటోందో పదిహేడేళ్లకి మొదటిసారి తెలిసింది సార్" అన్నాడు మర్నాడు స్టాఫ్ రూములో. నేరుగా అడిగితే నోరు విప్పని పిల్లలు పాత్రల చాటు నుంచి నిజం చెబుతారు. పెద్దవాళ్లూ అంతే.

(ఆ సినిమా మీద నా మాట కూడా అడిగారు కాబట్టి: ప్రియదర్శి వాదించిన తీరు బాగుంది, కాకపోతే అమ్మాయి గురించి అందరూ మాట్లాడారు, అమ్మాయి తక్కువ మాట్లాడింది. ఎవరూ అడగలేదా? సరే, రాసేశాను.)

అభిప్రాయం మార్చుకుంటే చిన్నతనమేమో అని కొందరు భయపడతారు. చిన్నప్పుడు టీవీలో 1955 నాటి 'కన్యాశుల్కం' సినిమా చూసి నాకు నచ్చలేదు. ఎన్టీఆర్ గిరీశమేమిటి, అంత అందగాడికి బుకాయింపు ఎందుకు అనుకున్నాను. యాభై దాటాక మళ్లీ చూశాను. అందం కూడా ఒక బుకాయింపేనని ఈసారి అర్థమైంది. సావిత్రి మధురవాణి అయితే మొదటిసారి నా కంటికే ఆనలేదు, రెండోసారి ఆవిడ తప్ప ఎవరూ ఆనలేదు. సినిమా మారలేదు, నేను మారాను. నాకు ధైర్యమిచ్చింది గురజాడే. ఆ సినిమాకి మూలమైన ఆయన నాటకం మొదట ఆడింది మా విజయనగరంలో, 1892లో. 1897లో అచ్చయింది. ఊరంతా మెచ్చుకున్న నాటకాన్ని ఆయన అక్కడితో వదిలెయ్యలేదు, పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చేయించాడు. మనం ఈవేళ చదివేది ఆ రెండోదే. రాసినవాడే మనసు మార్చుకోగా, చూసినవాడికేమిటి మొహమాటం?

ఆ నాటకంలో రామప్పపంతులు వేషం వేసి పేరు తెచ్చుకున్న జె.వి. సోమయాజులు శ్రీకాకుళం జిల్లా లుకలాం అగ్రహారం మనిషి, రెవెన్యూ ఉద్యోగి. ఆయన శంకరశాస్త్రిగా వేసిన 'శంకరాభరణం' 1980లో వచ్చినప్పుడు మొదటి రోజుల్లో హాళ్లు పలచగా ఉన్నాయని, తర్వాత నోటిమాట మీదే నిండాయని ఆనాటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని చూసినవాళ్లు బయటికొచ్చి "బాలేదంట" అనుంటే?

చివరగా ఒక సంగతి చెప్పి వదిలేస్తాను. మా వీధికి ఒకామె చేపల గంపతో వస్తుంది. సముద్రం ఒడ్డు ఊరు, తెల్లారే ఆటో పట్టుకుని వస్తుంది. 'తండేల్' కథకి మూలమైన సంగతి తెలుసు కదా, శ్రీకాకుళం జిల్లా మత్స్యలేశం వైపు వాళ్లు. జిల్లాకి 193 కిలోమీటర్ల తీరముండి కూడా పనికోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కి పట్టుబడి కరాచీ జైల్లో ఏడాది పైన ఉన్నారు, 2020 జనవరిలో ఇరవైమంది వాఘా మీదుగా ఇటొచ్చారు. ఆ సినిమా మీద నా అభిప్రాయం నాకు సిద్ధంగా ఉంది: సముద్రం బాగుంది, పాకిస్తాన్ జైలు గోల ఎక్కువైంది. మనవడు ఫోన్లో చూపించాడని ఆమె అంటే, ఎలాగుందని అడిగాను.

"మాకేటి తెలుస్తాది బాబూ."

"తెలుస్తుంది, చెప్పు. నీకేటనిపించింది?"

గంప దించింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"బాగున్నాది. కానీ ఆ గుంట అన్నేసిసార్లు ఏడిసినాది బాబూ. మాకు ఏడవడానికి తీరుబడేదీ? మగోడు బోటెక్కిన మర్నాడే మేం గంపెత్తాల. ఆడు రాకపోయినా ఎత్తాల. అది సూపించనేదు."

నా దగ్గరున్న జైలు గోల, యాస తాలింపు, అన్నీ ఆ గంప పక్కన పెట్టి చూసుకున్నాను. ఏదో అనబోయాను.

"అయన్నీ సరే గానీ," అంది, "కవళ్లు తీసుకుంటావా, నేదా? ఎండెక్కిపోతంది."